ఐదు బర్రెల గవాయి

సర్కారోళ్లు ఇంటికొస్తున్నరంటే వాకిలి ఊడ్వాలె, అలుకు చల్లాలె, ముగ్గు పెట్టాలె. మా అత్తకు తెలిసిన కానూన్ గదొక్కటే. ఆ కానూనే మా కొంప ముంచింది.

జర్మనోళ్ల లడాయి నడుస్తున్న రోజులు. నేను మొఘల్‌పురాల పాలోళ్ల ఇంటికి కోడలిగ వచ్చి రెండేండ్లయింది. ఇంటి వెనుక బర్రెల కొట్టం, కొట్టంల చేదబావి, ఐదు బర్రెలు. ఆ పాల మీదనే మా బతుకు. ఓనాడు ఉర్దూల నోటీసు వచ్చింది. మా ఇంటాయన దాన్ని చదివిచ్చుకొచ్చిండు. వెనుక సడక్ వెడల్పు చేస్తరట, కొట్టం బావితో సహా పోతదట, ముందుగాల కొలతల సాబ్ వచ్చి చూస్తడట.

అత్త ఆ పూటంత ఏడ్చింది. తెల్లారి లేచి కొంగు నడుముకు దోపింది. "సాబ్ వచ్చినప్పుడు పెండ కంపు కొడితే మన మర్యాద ఏం గావాలె?" అన్నది. బర్రెలను కార్వాన్ బస్తీల ఉన్న తమ్ముని ఇంటికి తోలిచ్చింది. గుంజలు పీకిచ్చింది, గడ్డి ఎత్తిచ్చింది, గోడకున్న పిడకలన్ని గీకిచ్చి సున్నం కొట్టిచ్చింది. కొట్టింది నేనే, చేతులు పొక్కినయి. కొట్టం పెండ్లిల్లు లెక్క తయారయింది. సాబ్ వచ్చిండు, చాయ్ తాగిండు, కొలిచిండు, మస్తు సాఫ్ ఉన్నదని మెచ్చుకున్నడు కూడా. తర్వాత కాయితం నకలు చూస్తే "ఖాలీ జాగా" అని రాసి ఉన్నది. మెచ్చుకున్నోడే మా నోట్ల మన్ను కొట్టిండు.

నాకు చిన్నప్పటి సంది ఓ రోగమున్నది. ఏందో ఎందుకో తెలిసేదాక నిద్ర పట్టది. రెండు గల్లీల అవతల ముసలి వకీల్ సాబ్ ఇంట్ల రోజూ పాలు పోసేది నేనే. ఆ కాయితం కొంగుల పెట్టుకపోయి ఆయన ముంగట పెట్టిన.

"సడక్ ఆపుతరా సాబ్?" అని అడిగిన.

"సడక్ ఆపుడు నాతోని గాదు బేటీ. సర్కార్ తీస్కుంటనంటే తీస్కుంటది. ఏం తీస్కుంటున్నదో సరిగ్గ రాపిచ్చుడు నా పని" అన్నడు. ఖాలీ జాగ అంటే ఉత్త మన్నుకు ధర కట్టి చేతుల పెడ్తరట. నడుస్తున్న కొట్టమని రాస్తే బర్రెలను కట్టేసుకోనీకి నీళ్లున్న వేరే జాగ ఇయ్యాలెనట. ఒక్క మాట ఫరకుకు ఐదు బర్రెల బతుకు. వకీలంటే కచేరీల గట్టిగ మొత్తుకునేటోడనే అనుకున్న నేను అంతదాక. గిట్ల ఒక్క మాట పట్టుకొని కూసుంటడని తెల్వది.

"మా పాలు ఇన్నేండ్ల సంది తాగుతున్నరు గద, మీరే సాక్ష్యం చెప్పుండ్రి సాబ్" అన్న.

నవ్విండు. "నీ వకీల్‌నూ నేనే, నీ గవాయినీ నేనే అంటే ఎవ్వరు నమ్ముతరు?"

ఆయన అర్జీ పెట్టిండు. అప్పటికి బర్రెలను మల్ల తెచ్చి కట్టేసినం. అదీ తప్పే అయింది. "నోటీసు చూసినంక కొట్టం పెట్టిండ్లు, పక్కింటోళ్లేమో ఒకరికొకరు సాక్ష్యం చెప్తరు" అన్నడట కొలతల సాబ్. ఆయన మాటల అన్యాయమేం లేదు. ఆయన చూసినప్పుడు ఖాలీగనే ఉండె. చేసుకున్నోళ్లకు చేసుకున్నంత.

వకీల్ సాబ్ మా కొట్టానికి వచ్చి కుర్చేసుకొని కూసున్నడు. బర్రెలను చూసుకుంట అడిగిండు, "ఏది ఎక్కడ నిలబడాల్నో ఎవరు చెప్తరు?"

అత్త బావికాడి రాయి మీద కూసున్నది. రోజూ పాలు పిండినంక ఆమె కూసునేది ఆ రాయి మీదనే. "దేని జాగ దానికి తెల్వదా సాబ్? గదేం అడుగుడు?" అన్నది.

ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది. "గుంజలు మల్ల పీకుండ్రి" అన్నడు. అత్త నెత్తి కొట్టుకున్నది. ఈ ముసలాయనకు మతి చెడ్డదని నాతోని అన్నది.

కొలతల సాబ్ రెండోసారి వచ్చిన దినం కొట్టంల గుంజ లేదు, తాడు లేదు. ఉత్త నేల. మూసీల కడిగిన బర్రెలను మా ఇంటాయన తోలుకొచ్చి తలుపు కాడ ఇడిసిండు. ఒకటెనుక ఒకటి లోపలికొచ్చి దేని జాగల అది నిలబడ్డది. ఐదింట్ల చిన్నది, ఈననిది, ముసలి బర్రె జాగల జొరబడితే ముసలిది కొమ్ముతోని దాన్ని పక్కకు నూకింది. కొలతల సాబ్‌కు నమ్మకం గుదరలె. ఐదు జాగలల్ల సుద్దతోని గీతలు గీసిండు. బర్రెలను బయటికి తోలిచ్చి, ఈసారి ఎనుకది ముందుకు చేసి లోపలికి పంపమన్నడు. మల్ల గీతల మీదనే నిలబడ్డయి. నిన్న మొన్న తెచ్చి కట్టేసిన బర్రెలైతే గట్ల నిలబడయి. నాకు ఒళ్లంత సంబురమైంది. ఆయన టోపీ తీసి తల గోక్కున్నడు. నక్షాల ఐదు నిషాన్లు పెట్టి, పక్కన "పాత బర్రెల కొట్టం" అని రాసిండు.

చాంద్రాయణగుట్ట దిక్కు బావి ఉన్న జాగ ఇచ్చిండ్లు. పోయినం. మొఘల్‌పురా కొట్టం కూలగొట్టిండ్లు, బావి పూడ్చిండ్లు, కంకర పోసిండ్లు. కానీ మా ముసలి బర్రె వారానికోసారి తాడు తెంపుకొని పాత జాగకు పోయేది. నడి సడక్ మీద, తన జాగ ఎక్కడుండెనో సరిగ్గ అక్కడ్నే నిలబడేది. కూలోళ్లు నవ్వేటోళ్లు.

దాన్ని తోలుకొచ్చుడు నా పని. ఓనాడు అత్త "నేను పోత" అన్నది. పొద్దుగాల పోయిన మనిషి పగటీలి అయినా రాలే. ఫికరయి తాడు పట్టుకొని నేనే పోయిన. బర్రె దాని జాగల నిలబడ్డది. నాలుగడుగుల దూరంల, బావి ఉన్న కాడ, కంకర మీద అత్త కూసున్నది. బండ్లు ఆమెను తప్పుకొని పోతున్నయి.

"లే అత్తా, పోదాం" అన్న.

"ఆయన ఐదు బర్రెల జాగ నక్షాల రాసిండు గద" అన్నది, నా దిక్కు చూడకుంట. "నేను కూసునే జాగ రాసిండా?"

తాడు బర్రె మెడకేసిన. ఇంకో చేత్తోని అత్త చెయ్యి పట్టుకున్న. ముగ్గురం చాంద్రాయణగుట్ట దాక నడుసుకుంట పోయినం.