జోడు లేని గొట్టం

కాశీబుగ్గలో రైల్వే గేటు దాటాక ఎడమ వైపు మూడో షెడ్డు నీలకంఠానిది. బోర్డు ఎప్పుడో గాలికి ఊడిపోయింది. మళ్ళీ పెట్టలేదు. జీడి ఫ్యాక్టరీల వాళ్ళు, బోట్ల వాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు దారి అడక్కుండానే వస్తారు. లోపల ఒక లేతు మిషను, ఒక డ్రిల్లు, గోడకు మేకుల వరస. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఎడమ చేతి చూపుడు వేలికి చివరి కణుపు లేదు.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. జోడు చూడకుండా మర తియ్యడు. బోల్టుకి మర కావాలంటే నట్టు తేవాలి. కొలత కాగితం మీద రాసి తెస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తాడు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి కాగితాన్ని నమ్మి, తీరంలో ఒక బోటు ఫ్యాను షాఫ్టుకి మర తీశాడు. అది సముద్రంలో జారిపోయింది. ఇద్దరు మనుషులు ఒక పగలంతా నీళ్ళ మీద కొట్టుకుపోయి, వేరే బోటు కంటపడి బతికారు. వాళ్ళు ఆయన్ని ఏమీ అనలేదు. ఎండు చేపలు కూడా తెచ్చి ఇచ్చారు. ఆ చేపలు ఆయన తినలేకపోయాడు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. షెడ్డులోకి వచ్చిన ప్రతి ముక్కకూ ముందు అట్టముక్క కడతాడు. తెచ్చినవాడి పేరు రాసి మేకుకు తగిలిస్తాడు. ముక్కను నింపాదిగా చూసేది ఆ తరవాత. కిందటి ఏప్రిల్లో ఆయన్ని ఇరికించింది ఇదే.

ఒక సోమవారం పాపారావు వచ్చాడు. నీలకంఠం భార్య దాలమ్మకు తమ్ముడు. మందస దగ్గర కొండ అంచున జీడితోట ఉంది. సంచిలోంచి జానెడు పైగా ఉన్న ఇనప గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, దీని మూతికి మర తియ్యాలి."

"దేనికిది?"

"తోటలో పంపు ఇంజనుకి. సప్పుడు మా సెడ్డగా వస్తంది."

"జోడు తెచ్చినావా?"

"ఇంజను నెత్తి మీద ఎట్టుకొచ్చీమంటావేటి? కొలత రాసుకొచ్చినాను."

"కాగితం నాకొద్దు. జోడు తే."

"పెళ్ళిసూపుల్లో మా అక్కని కూడా ఇలాగే కొలిసి సూసినావట. అమ్మ సెప్పేది."

నీలకంఠం నవ్వాడు. పాపారావు గొట్టం, కాగితం అక్కడే వదిలేసి, శనివారం వస్తానని వెళ్ళిపోయాడు. నీలకంఠం అట్టముక్క మీద పాపారావు పేరు, ఊరు రాసి, గొట్టాన్ని గోడకు తగిలించాడు.

రెండు రోజులు అది అక్కడే ఉంది. బుధవారం మధ్యాహ్నం పోలీసు స్టేషను జీపు డ్రైవరు వచ్చాడు, జీపుకి బుష్షు కోసం. బుష్షు తయారయ్యేదాకా ఊరికే నిలబడలేక గోడ మీది ముక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడుతున్నాడు. గొట్టం దగ్గర ఆగాడు.

"ఇదేటి గురువుగారూ?"

"పంపు ముక్క."

డ్రైవరు దాన్ని ఊపి చూశాడు. లోపల ఏదో సన్నగా కదిలింది. అట్టముక్క మీద పేరు చదివాడు. బుష్షు తీసుకుని వెళ్ళాడు.

అప్పుడు నీలకంఠం గొట్టాన్ని కిందికి దించాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. లోపల వరసగా బిళ్ళలు, మధ్యలో సన్నటి దారి. ఇంజను పొగ అందులోంచి పోదు. పోకపోతే ఇంజను ఆగిపోతుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డీజిలు వాసన కాదు. దీపావళి మర్నాడు వీధి వాసన. ఎక్కడో చేయించి, ఒకసారి తుపాకీ మూతికి ఎలాగో కట్టి పేల్చి చూశారు. సరిగా నిలవలేదు. అందుకే మర కావాలి.

కాగితం మీది కొలత చూశాడు. ఆ కొలత ఆయన ఎరిగినదే. పాతికేళ్ళ కిందట మామగారి తుపాకీకి స్ప్రింగు వేసి ఇచ్చింది ఆయనే. ఒంటి గొట్టం తుపాకీ. పంట కాపలాకని లైసెన్సు. మామగారు పోయాక లైసెన్సు పాపారావు పేరు మీదికి మారింది.

ఆ కొండ అంచు తోటల్లో ఒక కట్టుబాటు ఉంది. జీడి పండే రోజుల్లో, పనస మాగే రోజుల్లో, పొద్దు వాలాక ఎలుగుబంటో అడవిపందో దిగితే తుపాకీ ఉన్న తోటవాడు గాలిలోకి ఒకటి పేలుస్తాడు. అది వినగానే చుట్టూ తోటల్లో కాపలా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే డబ్బా కొట్టాలి. మేం ఉన్నాం, బాగానే ఉన్నాం అని. ఏ తోటలో డబ్బా మోగకపోతే ఆ తోటకి అందరూ కర్రలు పట్టుకుని వెళతారు. పాపారావు తోటకి ఆనుకుని కూర్మయ్య తోట. గట్టు మీద మూడు పనస చెట్లు ఎవరివన్నది నాలుగేళ్ళుగా తెగలేదు.

నీలకంఠం గొట్టాన్ని గోనెలో చుట్టి లేతు కింద పెట్టాడు. అట్టముక్కను నలిపి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర జీపు హారను వినిపించిన ప్రతిసారీ మిషను ఆపాడు.

గురువారం బస్సెక్కి టెక్కలి వెళ్ళాడు. కోర్టులో గుమాస్తాగా చేసి దిగిపోయిన నారాయణరావు అక్కడ ఉంటాడు. నీలకంఠం ఆయన అరుగు మీద కూర్చుని, నాకు తెలిసినోడు ఒకడున్నాడండీ అని మొదలుపెట్టాడు.

"తెలిసినోడంటే నువ్వేనా?" అన్నాడు నారాయణరావు.

"నాను కాదండి. తుపాకీ సప్పుడు తగ్గించే గొట్టం ఒకటి ఆడి దగ్గరికొచ్చింది. మర తియ్యమని."

నారాయణరావు వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నాడు.

"తుపాకీ సంగతి పక్కనెట్టు. ఆ గొట్టం ఒక్కటీ ఉన్నా సట్టం లెక్కలో అది తుపాకీయే. సెయ్యడానికి లైసెన్సు కావాలి. బాగు సెయ్యడానికి కావాలి. దగ్గరెట్టుకోడానికీ కావాలి. నీలాటోళ్ళకి, నాలాటోళ్ళకి అది ఇవ్వరు."

"తుపాకీకి లైసెన్సు ఉన్నోడైతే?"

"ఆ లైసెన్సు పుస్తకంలో తుపాకీ నంబరుంటది. గొట్టం నంబరుంటదేటి?" వక్క నములుతూ, "అదేటి లైసెన్సు?" అని అడిగాడు.

"పంట కాపలాకండి."

"పంట కాపలాకి తుపాకీ ఇచ్చిందే సప్పుడు సెయ్యడానికి. సప్పుడొద్దన్నోడు పంట కాయట్లేదు నీలకంఠం. ఇంకేదో సేత్తన్నాడు."

నీలకంఠం లేచాడు. మెట్టు దిగుతుంటే వెనక నుంచి నారాయణరావు అన్నాడు.

"ఆ తెలిసినోణ్ణి, తనే స్టేషనుకి అట్టుకెళ్ళి ఇచ్చీమను. ఆళ్ళొచ్చి అడిగేదాకా ఉండొద్దను."

బస్సులో కూర్చుని ఆ మాటే అటూ ఇటూ తిప్పాడు. ఇస్తే పాపారావు లోపలికి పోతాడు. తిరిగి పాపారావు చేతికిస్తే మర తీసేవాడు ఇంకెవడైనా దొరుకుతాడు. ఆ తరవాత ఒక సాయంత్రం ఏ చప్పుడూ ఉండదు. చప్పుడు లేకపోతే డబ్బాలు మోగవు. డబ్బాలు మోగకపోతే ఎవరూ ఎవరి కోసమూ వెతకరు.

ఇంట్లో అన్నం తింటూ, "మీ తమ్ముడికీ కూర్మయ్యకీ మాటలున్నాయా?" అని అడిగాడు.

దాలమ్మ చారు వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. "ఎందుకడిగినావు?"

"ఊరికే."

"కూర్మయ్య కొడుకు కేరళ ఎల్లిపోనాడట. కాపలాకి ముసిలోడు ఒక్కడే ఉంటన్నాడట."

"ఎవులు సెప్పినారు?"

"తమ్ముడే."

ఆమె చారు గిన్నె మీద మూత పెట్టింది.

శనివారం పాపారావు వచ్చాడు.

"అయ్యిందా బావా?"

"జోడేదీ?"

"మళ్ళీ అదే మొదలెట్టినావా?"

"జోడేటో నాకు తెలుసు. మీ నాయిన తుపాకీకి స్ప్రింగు ఏసింది నానే."

పాపారావు బయటికి చూసి షట్టరు సగం దించాడు.

"అడివిపందికి బావా. పేలిస్తే ఫారెస్టోళ్ళు వచ్చీస్తన్నారు."

"మరి సోమవారం పంపు ఇంజనుకన్నావు."

"నిజం సెబితే సేత్తావేటి?"

"ఇప్పుడు సెప్పిందైనా నిజమేనా?"

నీలకంఠం వంగి గోనె తీశాడు. గొట్టాన్ని లేతు చక్‌ దవడల్లో బిగించాడు. పాపారావు ముఖం తేటపడింది, దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మిషను తిరిగింది. ఉలి మూతి దగ్గర ఆగలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇనుము చుట్టలు చుట్టలుగా రాలింది. లోపలి బిళ్ళలు ఒక్కొక్కటే ఊడి పళ్ళెంలో పడ్డాయి. వాటిని సుత్తితో కొట్టాడు. పావుగంట పట్టింది. పాపారావు ఒక్కసారి చెయ్యి చాపి, తిరుగుతున్న చక్‌ను చూసి వెనక్కి తీసుకున్నాడు.

"మా నాయిన డబ్బెట్టి నిలబెట్టిన లేతు ఇది," అన్నాడు చివరికి.

"అందుకే."

"ఎవులికైనా సెప్పినావా?"

నీలకంఠం జేబులోంచి నలిగిన అట్టముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. "జీపు డ్రైవరు నీ పేరు సదివినాడు. కూర్మయ్యకి ఏటైనా అయితే నన్నడుగుతారు. అడిగితే సెప్తాను."

పాపారావు షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు. ముక్కలు అడగలేదు.

ఆదివారం సాయంత్రం నీలకంఠం దాలమ్మను తీసుకుని మందస దగ్గర పాపారావు తోటకి వెళ్ళాడు. ఎందుకని ఆమె అడగలేదు. పనస పళ్ళు తెచ్చుకుందాం అని మాత్రం అంది. పాపారావు మామూలుగానే పలకరించాడు. కుర్చీలు వేయించాడు. ఆమెతో నవ్వుతూ మాట్లాడాడు, ఆయన వైపు చూడలేదు. పొద్దు వాలాక, కొండ వైపు ఏదో దిగిందని తుపాకీ తీసుకుని గట్టు మీదికి వెళ్ళాడు.

పేలింది. చెట్ల మీది కాకులు ఒక్కసారిగా లేచాయి.

దిగువ తోటలో డబ్బా మోగింది. దక్షిణం వైపు ఒకటి. రోడ్డు పక్కన ఒకటి. తరవాత ఏమీ లేదు. నీలకంఠం కూర్మయ్య తోట వైపు చూస్తూ లేచి నిలబడ్డాడు. గట్టు మీద పాపారావు కూడా కదలకుండా అటే చూస్తున్నాడు.

చాలాసేపటికి, కూర్మయ్య తోటలోంచి, నీరసంగా, డబ్బా మీద కర్రతో మూడు దెబ్బలు వినిపించాయి.

పక్కన దాలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె కూడా అప్పటిదాకా ఊపిరి బిగబట్టి ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.