అన్నం అడగని ప్రాణి

మా వదిన శౌరమ్మ ఎదుటివాళ్ల మొహం చూసి వాళ్లకి ఎంత ఆకలిగా ఉందో చెప్పేస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఆమె కర్రీ పాయింట్ ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆఫీసుల నుంచి, కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చినవాళ్లు కౌంటర్ ముందు గుమిగూడతారు. ఒకడికి అడిగినదానికన్నా గరిటెడు పప్పు ఎక్కువ పడుతుంది. ఇంకొకడికి "కళ్లు పీక్కుపోయాయి, ఇవాళ నీకు వేపుడు లేదు, చారు పట్టుకెళ్లు" అని ఆజ్ఞ జారీ అవుతుంది. ఎదురు చెప్పినవాడు నాకింతవరకూ కనబడలేదు. నేను స్కూల్లో ఎనిమిదో తరగతిని అదుపు చేయడానికి పడే పాట్లు తలుచుకుంటే, ఆ గరిటె ఒక్కసారి అరువిమ్మని అడగాలనిపిస్తుంది.

ఇంట్లోనూ ఆమెదే వడ్డన. మా అన్నయ్య అంతోని ఆటోనగర్‌లో కార్ల ఏసీలు బాగుచేస్తాడు. నేను వాళ్ల మేడమీద గదిలో ఉంటాను, తిండి మాత్రం కిందే. పొద్దున్నే కళ్లు తెరిచి అన్నయ్య అడిగే మొదటి మాట "ఏంటి టిఫిను?". మెట్లు దిగుతూ నేను అడిగేదీ అదే. వదిన మాత్రం అందరం లేచాక వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెల అడుగున మిగిలింది కలుపుకుని తినేస్తుంది. కూర్చోమంటే, కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం అంటుంది.

అలాంటి మనిషి ఇంటికి అన్నం అడగని ప్రాణి ఒకటి వచ్చి చేరింది.

అది ప్రణవ్ అనే అబ్బాయిది. కంప్యూటర్ ఉద్యోగి, రోజూ వదిన దగ్గర కూర కొనుక్కునేవాడు. ఉద్యోగం పుణెకి మారింది. అతని గదిలో ఒక చిన్న గాజు తొట్టె, అందులో సముద్రపు నీళ్లలాంటి ఉప్పునీళ్లు, రాళ్లు, రాళ్ల మీద మెత్తటి పగడాలు. పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అని మాత్రమే నాకు తెలుసు. ఇవి ప్రాణమున్నవి, ముట్టుకుంటే తోలులా మెత్తగా ఉంటాయి. రైలెక్కించే సరుకు కాదు. చేపలని ఎవరికో ఇచ్చేసి, తొట్టెని మాత్రం వదిన చేతిలో పెట్టాడు.

"ఆంటీ, దీన్ని మీరే చూసుకోగలరు. తిండి పెట్టక్కర్లేదు. లైటు వేస్తే చాలు, వెలుతురుతో బతికేస్తాయి."

"తిండి పెట్టక్కర్లేదా?" అని వదిన అడిగింది. అర్థం కాక కాదు, ఇంకోసారి వినాలని.

వాటి ఒంట్లోనే కంటికి కనబడని నాచులాంటిది ఉంటుందట. వెలుతురు పడితే అదే వండి పెడుతుందట. "లోపలే వంటమనిషి ఉందన్నమాట, అదృష్టం!" అంది వదిన.

నీళ్ల సంగతులు ఆమెకి చప్పున పట్టుబడ్డాయి. తొట్టెలో నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లు పోయకూడదు, మంచినీళ్లే పోయాలి అని ప్రణవ్ చెప్పబోతుంటే, "తెలుసులే నాయనా, పులుసు మరిగితే ఉప్పెక్కుతుంది, ఇంకా ఉప్పేస్తామా?" అంది. అయితే కొత్త నీళ్లలో ఉప్పు కలిపినప్పుడు మాత్రం వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని సరిపోయిందని తీర్పు చెప్పింది. కొలిచే పరికరం సరిపోలేదంది. ఉప్పు దగ్గర వదిన ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. రెండ్రోజులు ఆ పరికరంతో మాట్లాడలేదు.

ఆ పగడాల్లో ఒకటి పుట్టగొడుగులా ఉంటుంది. లావుపాటి కాడ, పైన గొడుగు, గొడుగు నిండా సన్నటి వేళ్లు. నీళ్లు కదిలితే అవీ కదులుతాయి. దానికి వదిన 'గొడుగమ్మ' అని పేరు పెట్టింది. షాపు కట్టేసి వచ్చి, కాళ్లు చాపుకుని, దాని ముందు నేల మీద కూర్చునేది. కూర్చుంటే లేవలేనన్న మనిషే!

"ఏం చూస్తావు వదినా అంతసేపు?" అని ఒకరోజు అడిగాను.

"ఏం లేదమ్మాయ్. అది నన్నేమీ అడగదు."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఉండు, కాఫీ పెట్టుకొస్తానని లేచాను. "నీ కాఫీ వద్దు తల్లీ, కూర్చో" అని నవ్వింది. నా కాఫీకి ఇంట్లో ఉన్న పేరు అలాంటిది.

అన్నయ్యకి మాత్రం ఆ తొట్టె కంట్లో నలుసు. అందులోనూ మే నెల వచ్చింది. నీళ్లు వేడెక్కితే గొడుగమ్మకి పడదు. అందుకని పడగ్గదిలో ఏసీ ఊడదీసి హాల్లో బిగించమంది వదిన. ఊళ్లో అందరి కార్ల ఏసీలూ చూసేవాడు ఇంట్లో ఆడది అడిగితే కాదంటాడా? బిగించాడు, గొణుగుతూ బిగించాడు. "మంచం ఖాళీ, మనం చాప మీద, రాళ్లకి చల్లగాలి. ఎవరికైనా చెప్తే నవ్విపోతారు శౌరీ" అన్నాడు. ఆ చల్లటి హాల్లో చాప మీద అందరికన్నా ముందు గుర్రు పెట్టింది ఆయనే.

ఎండలు బాగా ముదిరిన రోజుల్లో ఒక ఉదయం గొడుగమ్మ ముడుచుకుపోయింది. వేళ్లన్నీ లోపలికి లాగేసుకుంది. పైన మైనం పూసినట్టు ఒక పొర. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నీళ్లు కూడా బియ్యం కడిగిన కుడితిలా తయారయ్యాయి.

వదిన ముఖం చూసి షాపుకొచ్చేవాళ్లు ఎవరికి బాగోలేదని అడిగారు. ఈమె దాచకుండా చెప్పింది. దాంతో ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. ఒకరు యాపిల్ పళ్లు తెచ్చారు, ఒకరు బ్రెడ్డు. ఎవరు తినాలో వాళ్లకే తెలియదు. పక్కింటి వెంకటరత్నమ్మ గారు గుప్పిట్లో ఎండుమిరపకాయలు, కల్లుప్పు పట్టుకుని వచ్చేశారు. "దిష్టే శౌరమ్మా, అందరినీ పిలిచి చూపిస్తే తగలదూ? తియ్యనీ" అంటూ తొట్టె మీద తిప్పబోయారు. వదిన ఒక్క ఉరుకులో వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది, ఆ ఉప్పు మాత్రం అందులో పడనివ్వకండి! కావాలంటే నాకు తీయండి."

ఆవిడ వదినకే తీసి, మిరపకాయలు కాల్చి వెళ్లారు. మేమంతా దగ్గుతూ కూర్చున్నాం.

వదిన ప్రణవ్‌కి వీడియో కాల్ చేసి చూపించింది. "ఒక్కోసారి ఇలా ముడుచుకుంటుంది ఆంటీ. పైపొర వదిలేసి మళ్లీ విచ్చుకుంటుంది. కానీ నీళ్లేంటి అలా ఉన్నాయి? తిండేమైనా వేశారా?" అన్నాడు.

"మరియమ్మ తల్లి మీద ఒట్టు, మెతుకు వెయ్యలేదు" అంది వదిన.

నీళ్లు కొన్ని మార్చింది. మళ్లీ అలాగే అయ్యాయి. దాంతో ఆమె గుండె జారిపోయింది. గుంటూరులో ప్రణవ్ స్నేహితుడొకడికి ఇలాంటివే పెద్ద తొట్టెలున్నాయి. అతను వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం సాయంత్రం వచ్చి మొత్తం తీసుకెళ్లేటట్టు మాట్లాడేసింది.

"ఎందుకు వదినా అంత తొందర?" అన్నాను.

"నా చేత్తో పెట్టింది తిని ఊరంతా బాగానే ఉంది. ఏమీ పెట్టక్కర్లేని ఇదొక్కటి నా దగ్గర చచ్చిపోతోంది. కళ్లముందు చావడం చూడలేనమ్మాయ్" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. వదిన ఏడవడం నాకు అలవాటు లేదు. ఏం చెయ్యాలో తోచక మేడమీదకి వెళ్లిపోయి ఒక్కదాన్నే ఏడ్చాను.

విచిత్రమేమిటంటే, పీడా పోయిందని సంతోషించాల్సిన అన్నయ్య నాకన్నా దిగాలుగా ఉన్నాడు. "ఇంకొన్నాళ్లు చూడరాదూ?" అని వదిన వెనకాలే తిరిగాడు.

అసలు సంగతి వాషింగ్ మెషిన్ బయటపెట్టింది. నాకు వేసవి సెలవులు కదా అని ఆ శనివారం బట్టలు నేనే వేశాను. మూత తీసేసరికి గుప్పుమని ఎండురొయ్యల కంపు. నా గంజి చీరలు నాలుగూ చేపల మార్కెట్‌కి వెళ్లొచ్చినట్టున్నాయి. ఒళ్లు మండిపోయి ఒక్కొక్కటీ దులిపి చూస్తే, అన్నయ్య చొక్కా జేబులో నానిపోయిన ప్లాస్టిక్ కవరు, అందులో ముద్దయిన రొయ్యపొడి.

నా అరుపులకి వదిన వచ్చింది. కవరు తీసుకుని వాసన చూసింది. హాల్లోకి వెళ్లి, తొట్టెలో రెండు వేళ్లు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్ని రోజులూ దిగులుతో ఆ ముక్కు కూడా పనిచెయ్యలేదేమో.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి" అంది. అంత మెల్లగా పిలిచిందంటే మూడిందన్నమాటే.

అన్నయ్య వచ్చి, కవరు చూసి, నన్ను చూసి, నేల చూశాడు.

"చిటికెడే వేశాను శౌరీ. నువ్వు షాపుకి వెళ్లాక. మనింట్లో ఎవరూ పస్తున్నది లేదు కదా, పాపం ఇదొక్కటీ ఏమీ తినకుండా..."

"చిటికెడుకి నీళ్లు ఇలా అవుతాయా?"

"ముడుచుకోకముందు చిటికెడు. ముడుచుకున్నాక నీరసమనుకుని గుప్పెడు."

నాకు నవ్వాగలేదు. వదిన మాత్రం నవ్వలేదు.

"అది తినదని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు. కానీ అందరికీ నువ్వే పెడతావు. నేనెవరికీ ఎప్పుడూ ఏమీ పెట్టలేదు. నీ చెయ్యి పడనిది ఇదొక్కటే ఉంది, పోనీ నేను పెడదామని..."

"పెట్టాలని అంత సరదాగా ఉంటే నాకు పెట్టండి! నేను తింటాను!"

తిట్టినట్టే అంది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి బిందె, గొట్టం తెచ్చి మురికినీళ్లు తోడడం మొదలుపెట్టాడు.

ఆ వారమంతా ఆటోనగర్ నుంచి రాగానే ఆయనకి అదే పని. ప్లాంటు నుంచి శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు మోసుకొచ్చాడు, వదిన ఉప్పు కలిపి కొలిచింది, అడుగున పేరుకున్న పొడంతా గొట్టంతో లాగేశారు. నీళ్లు తేటపడ్డాయి. గొడుగమ్మ మాత్రం ఉలకలేదు, పలకలేదు. శనివారానికి ఆ మైనంపొర అంచుల్లో లేచింది. అది బాగుపడడమో కుళ్లిపోవడమో మాకు తెలియలేదు. ఆదివారం సాయంత్రం గుంటూరు అబ్బాయి రానే వస్తాడు.

ఆదివారం పొద్దున నేనూ వదినా గుడికి వెళ్లాం. అన్నయ్య రానన్నాడు, తొట్టెకి కాపలా ఉంటానన్నాడు. పూజ అంతసేపూ వదిన ఎవరి కోసం ప్రార్థించిందో నాకు చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చి తలుపు తోసేసరికి అన్నయ్య హాల్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తొట్టెలో పొర మొత్తం ఊడిపోయి ఒక మూల తేలుతోంది. గొడుగమ్మ వేళ్లన్నీ బయటికి చాచి, ఇంతకుముందుకన్నా నిగనిగలాడుతూ నీళ్లలో ఊగుతోంది. వదిన "అమ్మా!" అని రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని అక్కడే నేల మీద కూలబడింది. కళ్లనీళ్లు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చేశాయి. ఆ కూర్చున్నచోటినుంచే గుంటూరుకి ఫోన్ చేసి, "బాబూ, రావద్దు, ఇవ్వను" అంది. క్షమించమని కూడా అనలేదు.

"లేవకు" అన్నాడు అన్నయ్య. వంటింట్లోకి వెళ్లి పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అన్నం, కోడిగుడ్డు పులుసు. షాపుకి ఇవాళ సెలవని బోర్డు కూడా తగిలించి వచ్చాడట.

వదిన కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నేనూ గరిటెతో కాస్త రుచి చూశాను. గొడుగమ్మ సుఖంగా బతకగలిగేటంత ఉప్పుంది అందులో.

"ఉప్పెక్కువైందా? నీళ్లు పొయ్యనా?" అన్నాడు అన్నయ్య, పక్కనే గొంతుకూర్చుని.

వదిన అడ్డంగా తల ఊపింది. తొట్టె వైపు చూస్తూ, తొందరపడకుండా, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తింది. ఆ తర్వాత పళ్లెం ఆయన వైపు చాచింది.

"ఇంకొంచెం పెట్టండి" అంది.

పెళ్లయి ఆ ఇంటికొచ్చాక వదిన ఆ మాట అనడం అదే మొదలు.