గోంగూరియాలో మూడో పౌరుడు

గోంగూరియా ఏ మ్యాప్‌లోనూ దొరకదు. అమెరికాలో మేముండే బెంటన్‌విల్ నుంచి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే వచ్చే బీవర్ లేక్‌లో, నాలుగు చెట్లున్న ఓ చిన్న దీవికి మా అమ్మాయి మేఘ, వాళ్ళమ్మ సుజాత కలిసి పెట్టుకున్న పేరది. పదకొండేళ్ళ మేఘ ప్రెసిడెంటు, సుజాత ప్రధానమంత్రి. పార్లమెంటు మొత్తం ఆ ఇద్దరే. రాజ్యాంగం ఒక నోట్‌బుక్. చట్టం మార్చాలంటే ఇద్దరు పౌరులు చేతులెత్తాలి. ఏడాది దేశంలో లేకపోతే గ్రీన్‌కార్డ్ పోతుందన్న మా కబుర్లు ఇంట్లో వినీ వినీ మేఘ ఇంకో చట్టం రాసింది: ఏడాదిపాటు దీవికి రానివాళ్ళ పౌరసత్వం రద్దు. సుజాత కిందటి అక్టోబరులో ఆఖరిసారి వెళ్ళింది. జనవరిలో చనిపోయింది. "ఈ సాటర్‌డే వెళ్ళి లా మార్చకపోతే అమ్మ సిటిజన్‌షిప్ క్యాన్సిల్ అయిపోద్ది నాన్నా," అంది మేఘ. అందుకే ఈ ప్రయాణం.

పులిహోర కట్టుకుని పదిన్నరకి బయల్దేరాం. ఇద్దరు కూర్చునే కయాక్ పడవ ఒక పూటకి నలభై డాలర్లు. అద్దెకిచ్చే పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "ఇవాళ మీరెక్కుతున్నారా? మీ ఆవిడ రాలేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. "రాలేదు," అన్నాను. ఆయనకి నేను ఎప్పుడూ ఒడ్డున బెంచీ మీద లాప్‌టాప్‌తో కనిపించే మనిషిని. ఒడ్డున సిగ్నల్ ఉంటుంది, దీవిలో ఉండదు. వాళ్ళిద్దరూ వెళ్తున్న ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా నేను నీళ్ళు దాటలేదు.

పావుగంట తెడ్డు వేసేసరికి నా భుజాలు పట్టేశాయి. దీవిలో బల్లపరుపు రాయి మీద మేఘ నోట్‌బుక్ తెరిచింది.

"లా మార్చడానికి ఇద్దరు కావాలి. నువ్వు ఓన్లీ విజిటర్‌వి నాన్నా."

"మరి పౌరుణ్ణి అవ్వాలంటే?"

"ఫోన్ ఆఫ్ చెయ్. ఇక్కడ మాతో లంచ్ తిను. అంతే. అమ్మ పెట్టిన రూల్."

ఫోన్ ఆపేశాను. పులిహోర తిన్నాం. ఇద్దరం చేతులెత్తాం. రాలేనివాళ్ళ పౌరసత్వం ఎప్పటికీ పోదని మేఘ రాసింది. తర్వాత నా పేరు చేర్చడానికి పౌరుల పేజీ తిప్పింది. అక్కడ మూడో నంబరు ఎదురుగా సుజాత చేతిరాతలో నా పేరు ఎప్పుడో రాసి ఉంది. తేదీ ఒక్కటే ఖాళీ.

పిల్ల ముందు ఏడవకూడదనుకున్నాను గానీ నావల్ల కాలేదు. అది నా చేతికి పెన్ను ఇచ్చి, పక్కన కూర్చుంది. నేను పనిలో మునిగిపోయిన శనివారాలన్నీ సుజాత నాకోసం అక్కడ ఒక గీత ఖాళీగా ఉంచింది. ఆమె చూడని రోజున దాన్ని నింపాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: దీవిలో సిగ్నల్ ఉండదు, కాబట్టి ఆఫీస్‌కి ముందే చెప్పి వెళ్ళండి. ఒడ్డున బెంచీ ఉంది. దాని మీద కూర్చోకండి.