మాస్టారు వేసిన డి గ్రేడు

కాంక్రీటు డిజైన్ చెప్పిన మా మాస్టారు పోయారు. దుబాయ్ అవతల మఫ్రఖ్‌లో సైటు మీద ఉండగానే గుండె ఆగిందని మొన్న కబురు వచ్చింది. గంట తిరక్కముందే మా బ్యాచ్ గ్రూపు గులాబీలతో, జోడించిన చేతుల బొమ్మలతో నిండిపోయింది. గొప్ప గురువని ఒకరు, దారిదీపమని ఇంకొకరు. అందరూ ఆయన ఉద్యోగం ఊడగొట్టిన ఫిర్యాదు మీద సంతకాలు పెట్టినవాళ్ళే. ఇరవయ్యో తేదీన ఇక్కడ దుబాయ్ కాలేజీలో సంతాపసభ. ఈ పత్రిక చదివే మా పదకొండు మంది తెలుగువాళ్ళు అక్కడ మైకు పట్టుకోకముందే నేనిది రాయాలి. ఆ పదకొండులో నేనూ ఉన్నాను.

ఆయనది నెల్లూరు. చాలా ఏళ్ళు గల్ఫ్ సైట్లలో పనిచేశాక చదువు చెప్పడానికి వచ్చారు. కళ్ళద్దాలకు తాడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రబ్బరు. హాజరు తీసుకున్నాక ఆ రబ్బరును బల్ల అంచున సగం బయటికి పెట్టి, ఒక కొసను బిగించి పట్టి, రెండో కొసను వేలితో కిందికి నొక్కేవారు. దానికి బ్లేడుతో పెట్టిన గాట్లు పైవైపున నోళ్ళు తెరిచేవి. "ఏడ తెరుచుకుంటా ఉందో చూడండి. ఇనుము ఆడ కావాల" అనేవారు. మేం ఫోన్లు చూసుకునేవాళ్ళం. మన తెలుగాయనే కదా, చూసుకుంటాడులే అని మా ధీమా. పరీక్షల ముందు అందరం కలిసి సున్నుండలు పట్టుకెళ్ళాం. స్టాఫ్ రూంలో అందరికీ పంచి, డబ్బా కడిగి తిరిగి ఇచ్చారు. మార్కులు మాత్రం పంచలేదు.

పరీక్షలో బాల్కనీ వచ్చింది. నా లెక్కలో ఒక్క అంకె తప్పు లేదు. కాకపోతే, బట్టీ పట్టిన దూలం బొమ్మను అలాగే దించేసి రాడ్లు అడుగున గీశాను. డి వేశారు. మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే, అంతవరకూ నాకు బి కంటే తక్కువ రాలేదు. ఆయన గదికి వెళ్ళి ఒక్క బొమ్మకు ఇంత శిక్షా అని అడిగాను. ఆయన ఆ పేజీ జిరాక్సు తీసి నా చేతికిచ్చారు.

"లెక్క బాగుందమ్మా. దీన్ని తీసకపోయి మీ నాయనకు చూపించు."

మా నాన్న జగిత్యాల వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చి, రాడ్లు కట్టీ కట్టీ ఫోర్‌మన్ అయినవాడు. ఒక్క అక్షరం రాదు. అది తెలిసీ మాస్టారు మా చదువులేని ఇంటిని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. ఆయనకు పాఠం చెప్పడం రాదని, కక్షకొద్దీ మార్కులు కోస్తారని మా బ్యాచ్ రాసిన ఫిర్యాదు మీద ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాను, అందరికంటే పెద్ద అక్షరాలతో.

ఫీజు కట్టేవాడి మొహం చిన్నబోతే తట్టుకోలేని కాలేజీ మాది. ఒక్క జవాబు పత్రం తెరవకుండా అందరికీ బి చేసింది. ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. మేం బర్ దుబాయ్‌లో బిర్యానీ తిని, గెలిచామని ఫోటోలు దిగాం. ఆ ఫోటోలో నా నవ్వు చూస్తే ఇప్పుడు నాకే వెగటు.

ఆ జిరాక్సును బియ్యం డబ్బా కింద పరిచాను. రెండు వారాలకు నాన్న డబ్బా జరుపుతూ దాన్ని తీశాడు. అక్షరాలను వదిలేసి బొమ్మ చూశాడు.

"ఎవడు గీసిండు బిడ్డా గిది? రాడ్లు కిందేసిండు. కింద ఆపిన చెక్కలు ఇప్పంగనే ఖలాస్, విరిగి పడతది. కింద మనోళ్ళు ఉంటరు."

గీసింది నేను. చదువుకున్నది నేను.

మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికే మఫ్రఖ్ సైట్లో చేరారు. క్షమాపణ సగంలో ఉండగానే ఆపేశారు.

"అది సరేమ్మా, రాడ్లు పైకి జరిపినావా లేదా?"

జరిపానన్నాను. "అయితే సరే. కాంక్రీటు బండి వచ్చింది" అని పెట్టేశారు. అదే ఆఖరి మాట. నేను క్షమాపణ పూర్తి చేయలేదు, సంతకమూ వెనక్కి తీసుకోలేదు. నా కాగితాల మీద ఆ బి ఇంకా అలాగే ఉంది. ఆయన ఫైలులో మన అబద్ధమూ అలాగే ఉంది.

అందుకే కాలేజీకి ఒక ఉత్తరం రాశాను. ఫిర్యాదు తప్పని, ఆయన వేసిన గ్రేడ్లే సరైనవని, నా బి తీసేసి డి తిరిగి వేయమని. సభలో దాన్నే చదువుతాను. మిగతా పది మందీ సంతకం పెడతారో లేదో పద్దెనిమిదో తేదీలోగా నాకు జవాబు రాయండి. మీ గులాబీలు నాకొద్దు, అవునో కాదో చాలు. కాదన్నవాళ్ళు కూడా సభకు రావచ్చు. హాలు ముందున్న పెద్ద బాల్కనీ కింద టీ ఇస్తారట. ఆ నీడలో కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి, దాన్ని గీసినవాడికి డి వేసే మాస్టారు దొరికాడో లేదో.