గడీ మెట్ల మీద తెల్ల గౌను
మిర్యాలగూడలో ఫొటో స్టూడియో పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నాకు నడుము నొప్పి, పెండ్లికూతుళ్లకు తెల్ల గౌను పిచ్చి, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. ప్రతి పిల్లా ఫోన్లో ఏదో విదేశీ కోట ముందు నిలబడ్డ వధువును చూపించి, "అంకుల్, అచ్చం ఇట్లనే రావాలె" అంటుంది. కోటను ఎక్కడి నుంచి తేను? సూర్యాపేట అవతల ఒక ఊళ్లో దొరలు వదిలేసిపోయిన గడీ ఉంది. పైకప్పు సగం కూలినా రాతిమెట్లూ కమానులూ నిలిచే ఉన్నాయి. అందరినీ అక్కడికే తోలుకుపోతాను. ఆ మెట్ల మీద ఎన్ని గౌన్లు పరిచానో నాకే గుర్తులేదు.

మొన్న ఎండాకాలం కోదాడ నుంచి ఒక పిల్ల వాళ్లమ్మతో వచ్చింది. పెండ్లికి ఇంకో పది రోజులే ఉంది. కిరాయి గౌను నడుము దగ్గర వదులైతే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగించాం. అంచుకు పల్లేరుకాయలు అంటుకుంటుంటే తల్లి వంగి ఒక్కొక్కటే తీసింది. ఆమె నుదుట బొట్టు లేదు. భర్త పోయి నాలుగేళ్లయిందని దారిలోనే చెప్పింది.

పిల్లను మెట్ల మీద నిలబెట్టి కెమెరాలో చూశాను. తల్లి ఇంకా పక్కనే ఉంది, మేలిముసుగు సరిచేస్తూ.

"అక్కా, మీరు జర పక్కకు జరుగుండ్రి" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. మా దగ్గర పెండ్లి ఫొటోల్లో భర్త లేని ఆడవాళ్లను ముందు నిలబెట్టం. ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పెద్దవాళ్ల చూపులను బట్టి నేర్చుకున్నాను. ఆమె కూడా ఆ మాట కోసమే కాచుకున్నట్టు గబగబా దిగి కమాను వెనక్కి పోయింది.

పిల్ల ముఖం మాడిపోయింది.

"గౌను మీద మోజుతో వచ్చిననుకుంటున్నారా అంకుల్? పెళ్లిలో పీటల మీద కూర్చునేది చిన్నాయన, చిన్నమ్మ. నాకు పసుపు పెట్టేటప్పుడు అమ్మ వంటల కాడ ఉంటది. ఈడ పంతులు లేడు, చుట్టాలు లేరు. అమ్మ నా పక్కన నిలబడ్డ ఫొటో ఒక్కటన్నా ఉండాలని ఇంత దూరం వచ్చినం."

నాకు తల కొట్టేసినట్టయింది. నేనే పోయి పిలిస్తే ఆమె రానంది. కూతురు గౌను ఎత్తిపట్టుకుని దిగి, చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ముసుగు పట్టుకోమంటే కొసను రెండు వేళ్లతో ముట్టుకుంది. కాసేపటికి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. చాలా కాలానికి నా పని నాకు నచ్చింది.

సామాను సర్దుతుంటే ఆమె ఒక్కతే నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"తమ్మీ, పెండ్లికి గూడ నువ్వే వస్తున్నవ్ గద. గాడ మాత్రం నన్ను తియ్యకు. పిల్లకు మంచిది గాదు."

అట్లేం కాదక్కా అనాల్సింది. ఎండకు నీరసించిపోయి ఉన్నాను. వాదించే ఓపిక లేక తలూపాను.

పెండ్లి కోదాడలో ఘనంగా జరిగింది. నేను మాట తప్పలేదు. గడీ ఫొటోలు ముందే ఇచ్చేశాను. పెండ్లి ఆల్బం ఇవ్వడానికి పోతే ఆ పిల్ల మొదటి నుంచి చివరిదాకా తిప్పింది. మళ్లీ మొదటికొచ్చి, ఈసారి మెల్లగా తిప్పింది.

"నా పక్కన లేకున్నా యాడనో ఒక కాడ ఉంటదనుకున్న. ఒక్కదాంట్ల గూడ అమ్మ లేదేంది అంకుల్?"

"నేనే తియ్యలే బిడ్డా" అన్నాను. మీ అమ్మే వద్దంది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.