నేవీ మావ బొండం నీళ్లు

2019. తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిని నేలకూల్చిన మరుసటి ఏడు. పలాసలో ఒక డయాలిసిస్ కేంద్రంలో నేను సీనియర్ టెక్నీషియన్ని. ఆ సీనియర్ అన్న మాట అక్కడ నాకొక్కడికే గుర్తుండేది.

సోంపేట వైపు నుంచి వచ్చే సూర్యనారాయణ మావ నేవీలో పనిచేశాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో బంగాళాఖాతంలో ఓడ బాయిలర్ గదిలో ఉన్నాడు. అంతకుముందు సెలవుకు వస్తే నక్సలైట్ల కోసం ఉద్దానమంతా పోలీసులట. నేవీ కార్డు చూపించాకే ఊళ్లోకి వదిలారట. ఇవేవీ ఆయన నాకు చెప్పలేదు. రెండేళ్ల క్రితం చేరిన నర్సు సునీతకు చెబుతుంటే పక్క మెషిన్ దగ్గర నిలబడి విన్నాను.

సూది కూడా ఆమే గుచ్చాలి. "నువ్వొద్దు బావూ, సునీతమ్మ సెయ్యి తేలిక" అన్నాడు, మొదటిరోజే, అందరి ముందూ. నేను మర్చిపోలేదు.

డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. మావ ప్రతిసారీ దానికి మూడు కిలోలు ఎక్కువ తూగేవాడు.

"నీళ్లు ఎక్కువ తాగుతున్నావా తాతా?" అని సునీత అడిగింది.

"ఓడలో మంచినీళ్లు కొలిసి ఇచ్చీవోరు. నాకు నేర్పుతావేటి? రోజుకి రెండే గళాసులు!"

ఆమె నమ్మేసింది.

ఒక శనివారం డయాలిసిస్ అయ్యాక, బస్టాండు దగ్గర మావ రెండో బొండం తాగుతూ కనిపించాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పోయినవాళ్లకు అది గుండెను ఆపేయగలదు. ఆ తేలిక చెయ్యే కనిపెట్టనీ అనుకుని నా దారిన వెళ్లిపోయాను.

మంగళవారం ఆయన్ని ఇద్దరు మోసుకొచ్చారు. కాళ్లు లేవడం లేదు. ఈసీజీలో గుండె లయ తప్పింది. సునీతకు చేతులాడలేదు. "బొండాలు తాగుతున్నాడు సార్, పొటాషియం!" అని నేనే డాక్టరుకు అరిచి చెప్పి, ఆయన ఇంజెక్షన్ ఇస్తుండగా మావను డయాలిసిస్ మెషిన్ మీదికి ఎక్కించాను. ఒక గంట పోయాక లయ కుదుటపడింది.

సాయంత్రానికి మావ లేచి కూర్చున్నాడు. "బొండం కూడా నీళ్ల లెక్కేనేటి? అది సెట్టు ఇచ్చింది గదా!" అన్నాడు. సునీత ఏడుస్తూనే నవ్వింది. అప్పుడాయన నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నన్ను సూసినావు గదా బావూ. ఎందుకు సెప్పనేదు?"

నేను మెషిన్ నుంచి బ్లడ్ ట్యూబులు తీసి చెత్తబుట్టలో వేశాను.

ఆయన ఆ తర్వాత కూడా సునీతనే పిలిచాడు. నాకు అప్పుడూ మండింది. కానీ ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లను నీళ్లెన్ని తాగారని అడిగి ఊరుకోను. బొండాలెన్ని అని కూడా అడుగుతాను. ఏదైనా కంటపడితే ఆ క్షణమే చెప్పేస్తాను. సునీతకైనా సరే.