పెరట్లో దమ్ము

నిన్న మా పెరటి కొలనులో పాచి తీస్తూ జారి వెల్లకిలా పడ్డాను. చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "తామరాకులు చిరగలేదు కదా?" అంది. నా నడుము సంగతి అడగలేదు. తొమ్మిదో తరగతిలో బడి వదిలేసినవాడికి ఇంట్లో ఆ మాత్రం గౌరవం దక్కడమే ఎక్కువ. లేవబోతుంటే అరచేతికంటిన నల్లమట్టి వాసన ముక్కుకు తగిలింది. కాసేపు లేవబుద్ధి కాలేదు. అది కనకమ్మ గారి పెరటి వాసన.

కనకమ్మ గారిది రామచంద్రపురంలో కొబ్బరికాయల కొట్టు. భర్త పోయాక వ్యాపారం ఆవిడే చూసుకునేవారు. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, మీసాలొచ్చినా పనీపాటా లేకుండా ఊరి మీద వేళాకోళాలాడుతూ తిరుగుతున్న నన్ను మా నాన్న ఆవిడ దగ్గర పెట్టాడు. కొట్టుకొచ్చిన వాళ్ళందరినీ నవ్వించేవాణ్ణి. ఆవిడ మాత్రం నవ్వేవారు కాదు. "సత్తిబాబూ, కాయని వాయిస్తే లోపల నీళ్ళున్నాయో లేదో తెలుస్తుంది. నువ్వు వాయించకుండానే మోగుతున్నావురా" అనేవారు.

ఒకసారి పుట్టింటికి వెళ్ళి, తడి గోనెలో చుట్టి ఒక తామరదుంప తెచ్చారు. అక్కడి తామరల మడుగును ఎండగట్టి చేపల చెరువు చేసేస్తున్నారట. చేతికి దొరికింది ఆ ఒక్కటే. "శ్రావణ శుక్రవారం పూజకి మా అమ్మ ఆ పూలే కోసేది. ఇదీ పోతే, మా ఊళ్ళో తామరలుండేవని చెప్పినా ఎవరూ నమ్మరు" అన్నారు.

పెరట్లో గొయ్యి తవ్వాను. నడుంలోతు రాకముందే నీరూరింది. "అడుగున సిమెంటు చేయిద్దామా అండి?" అని అడిగితే, "గోదారి నేలలో నీళ్ళకి కరువేంట్రా?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. గునపం దింపితే నీరు తగిలే సీమ మాది. దుంప నాటాం, ఆకులు పళ్ళాల్లా పరుచుకున్నాయి. ఆవిడ రోజూ కాఫీ గ్లాసుతో అక్కడికే వచ్చి నిలబడేవారు.

ఎండాకాలం రాగానే కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఏటా కట్టేసేవే. కానీ మా వీధి చివరి కాలవ ఎండగానే కొలనులో నీళ్ళు కూడా దిగిపోయాయి. ఇన్నాళ్ళూ మాదనుకున్న నీరు కాలవదేనన్నమాట. బిందెలతో పోసింది పోసినట్టే ఇంకిపోయింది. ఆకులు అప్పడాలయ్యాయి. ఇక నాకు మూడిందనుకుని, తిట్లు తినడానికి తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ కొట్లో అందరూ వినేలా, "సిమెంటు వద్దన్నది నేనే. వీణ్ణెవరూ ఏమీ అనకండి" అన్నారు. పెద్దవాళ్ళు తప్పు తమదని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. దానికి ఏ జోకు వెయ్యాలో తోచలేదు.

దుంపని బురదతో సహా గోలెంలోకి మార్చాం. అప్పటికే ఒక కొస మెత్తబడింది. నేను ఎండిన గొయ్యి గట్టున కూర్చుని, నోరు మూసుకున్నందుకో ఏమో, కొంచెం ఆలోచించాను.

"అమ్మగారండి, వరిచేలో నీళ్ళెలా నిలుస్తున్నాయంటారు? దమ్ము చేస్తాం కదండి. నీళ్ళు పెట్టి మట్టిని తొక్కి తొక్కి మెత్తని బురద చేస్తే అడుగు మూసుకుంటుంది. ఇక్కడా అదే చేద్దామండి."

"పెరట్లోకి ఎద్దుల్ని ఎలా దింపుతావురా?"

"నేనున్నాను కదండి."

"ఒంటెద్దుతో దమ్మేంటి?" అని కుచ్చెళ్ళు ఎగదోపి ఆవిడే దిగిపోయారు.

చేలోంచి తెచ్చిన నల్లమట్టి వేసి, బావినీళ్ళు పోసుకుంటూ ఇద్దరం తొక్కాం. పక్కింటివాళ్ళు గోడ మీంచి వింతగా చూశారు. "చూసింది చాలు, దిగండమ్మా, ఇంకా చోటుంది" అన్నారావిడ. పొద్దు వాలేదాకా తొక్కి, గట్టు పట్టుకుని పైకొచ్చారు. మర్నాడు వెళ్ళి చూస్తే పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

దుంపని మళ్ళీ నాటినా చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. బతికుందో లేదో చెయ్యిపెట్టి చూద్దామని నా ఆత్రం. "కెలక్కు. నమ్మి ఊరుకోవడం కూడా పనేరా" అనేవారు. కాలవలకి నీళ్ళు వదిలాక ఒక పొద్దున, చుట్టిన తమలపాకులా ఒక మొన నీటిపైకి వచ్చింది. ఆవిడ గట్టు మీద కూలబడి, గుండెల్లో బరువంతా దించుకున్నట్టు ఊపిరి వదిలారు. నాకైతే ఎగిరి దూకాలనిపించింది. దుంప మీద పడతానేమోనని ఆగాను.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మా కొలనులో ఉన్నది ఆ దుంప పిలకే. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళున్నారు. ఏదైనా చెడితే అందులో నా వంతు ముందు నేనే చెప్పేస్తాను. మొలిచేదాన్ని కెలకను. నోరు మూసుకోవడం మాత్రం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

దమ్ము చేసిన ఆ ఏడు శ్రావణంలో మొదటి మొగ్గ విచ్చుకుంటుంటే ఇద్దరం గట్టు మీద కూర్చుని చూశాం. రేకులన్నీ విచ్చుకున్నాక గొప్పగా చెప్పాను: "చూశారా అమ్మగారండి, ఇంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

ఆవిడ పువ్వు మీంచి చూపు తిప్పకుండానే, "అందుకేరా, అది ధైర్యం చేసి బయటికొచ్చింది" అన్నారు.